ట్యాంకులో పోసిన సీసా ఇన్‌టేక్ వాల్వు దాకా చేరదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కారు, 68,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేస్తే ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ వణుకుతుంది, వేడెక్కాక మామూలుగానే నడుస్తుంది. పికప్ కాస్త తగ్గిందని మీకు అనుమానం. ఒక మెకానిక్ ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలిని వదిలే వాల్వుల) మీద కార్బన్ పేరుకుంది, వాల్‌నట్ బ్లాస్టింగ్ (అక్రోటు పెంకు రవ్వను గాలితో కొట్టి శుభ్రం చేయడం) చేయించాల్సిందే అన్నారు. ఇంకొకరు అంత అవసరం లేదు, ట్యాంకులో ఒక సీసా క్లీనర్ పోస్తే కరిగిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి, మళ్లీ పేరుకోకుండా ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ట్యాంకులో ఏ సీసా పోసినా ఇన్‌టేక్ వాల్వుల మీది కార్బన్ పోదు. ఇందులో మంచి సీసా, చెడ్డ సీసా అన్న తేడా లేదు. ఆ ద్రవం వెళ్లే దారిలో ఆ వాల్వులే లేవు. ఇక బ్లాస్టింగ్ అన్న మెకానిక్ మాట నిజం కావచ్చు. కానీ ఆయన వాల్వులను కళ్లతో చూసి చెప్పారా, మీటరులో కిలోమీటర్లు చూసి చెప్పారా అన్నది మీరు రాయలేదు. చూడకుండా చెప్పి ఉంటే అది ఊహ మాత్రమే. ముందు బోర్‌స్కోప్‌తో, అంటే సన్నటి గొట్టం చివర కెమెరా ఉన్న పరికరంతో చూడాలి. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిళ్లు, ప్లగ్గులు బాగున్నాయో లేదో తేల్చుకోవాలి. ఆ తర్వాతే శుభ్రం చేయించాలి. చేయించాక, మాడి కార్బన్‌గా మారే ఇంజిన్ నూనె అక్కడికి ఎలా చేరుతోందో వెతకాలి. చాలామంది ఈ చివరి పని వదిలేస్తారు, రెండేళ్లకు మళ్లీ అదే వణుకుతో వస్తారు.

ఇంజిన్ల పనిలో నాకు ఇరవై రెండేళ్లయింది. అందులో దాదాపు సగం కాలం ఈ రకం ఇంజిన్లతోనే గడిచింది. ఇకపై రాసేది ఆ అనుభవంలోంచే.

అసలు ఈ బెడద ఎందుకు వచ్చిందో చూద్దాం. పాత పద్ధతి ఇంజిన్లలో ఇంజెక్టర్ ఇన్‌టేక్ పోర్టులో ఉండేది. మూడు నాలుగు బార్ల ఒత్తిడితో పెట్రోలును వాల్వు వీపు మీదికే చల్లేది. పెట్రోలుకు జిడ్డును కరిగించే గుణం ఉంది, అందులో కలిపే డిటర్జెంటు దానికి తోడు. అంటే ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ వాల్వుకు స్నానం జరుగుతూనే ఉండేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ ముక్కు సిలిండర్ లోపలికి వెళ్లిపోయింది. అక్కడ 200 బార్, ఇటీవలి ఇంజిన్లలో 350 బార్ దాకా ఒత్తిడితో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. మైలేజీ పెరిగింది, చిన్న ఇంజిన్‌కు పెద్ద బలం వచ్చింది. వాల్వు స్నానం మాత్రం ఆగిపోయింది. దాని మీదుగా ఇప్పుడు వెళ్లేది గాలి ఒక్కటే.

ఆ గాలి శుభ్రంగా ఉంటే ఏ గొడవా లేదు, కానీ ఉండదు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి జారుతూనే ఉంటుంది. దాన్ని బయటికి వదిలేస్తే కాలుష్యం కాబట్టి పీసీవీ వాల్వు ద్వారా మళ్లీ ఇన్‌టేక్‌లోకే పంపుతారు. అది వస్తూ వస్తూ నూనె ఆవిరిని, సన్నటి నూనె తుంపరను మోసుకొస్తుంది. దీనికి తోడు ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉండే క్షణంలో కాలిన వాయువు కొంత వెనక్కి తంతుంది. ఈజీఆర్ (కాలిన వాయువును కొంత మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజిన్‌లో మసి నేరుగానే వస్తుంది. వాల్వు కాడ చుట్టూ ఉండే స్టెమ్ సీలు అరిగితే అక్కడి నుంచీ నూనె జారుతుంది. ఇవన్నీ రెండు మూడు వందల డిగ్రీల వేడిలో ఉన్న వాల్వు వీపు మీద పడి మాడిపోతాయి. పెనం అంచున రోజూ ఒక చుక్క నూనె ఒలికి, ఎవరూ తుడవక, పొర మీద పొర గట్టిపడిపోతుంది చూశారా, అచ్చం అదే.

ఇది కొత్త పరిజ్ఞానమేమీ కాదు. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లోనే సిలిండర్‌లోకి నేరుగా పెట్రోలు చల్లే పద్ధతి ఉంది. ఎలక్ట్రానిక్ నియంత్రణతో మామూలు కారులోకి తెచ్చింది 1996లో మిత్సుబిషి. తర్వాత మిగతా తయారీదారులూ అదే దారి పట్టారు, మొదటి తరం ఇంజిన్లు ఈ కార్బన్‌తో బాగానే ఇబ్బంది పడ్డాయి. ఆ పేరు ఇప్పటికీ పోలేదు గానీ, నిజానికి కొత్త ఇంజిన్లలో నూనెను వేరుచేసే గదులు, వాల్వు టైమింగు, ఇంజెక్షన్ సమయం అన్నీ మెరుగయ్యాయి. లక్ష కిలోమీటర్లు దాటినా పల్చటి పూత తప్ప ఏమీ లేని వాల్వులు నేను చాలా చూశాను. కాబట్టి డైరెక్ట్ ఇంజెక్షన్ అనగానే కార్బన్ అని తీర్మానించేయకండి.

మీ బండిలో వణుకు పొద్దునే ఎందుకు? చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు కంప్యూటర్‌కు మొదటి తొందర, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడి చేయడం. అందుకోసం స్పార్క్‌ను బాగా ఆలస్యం చేస్తుంది, పెట్రోలును ముక్కలు ముక్కలుగా చల్లుతుంది. ఆ ఒకటి రెండు నిమిషాలూ మంట కత్తి అంచున నడుస్తున్నట్టు ఉంటుంది. ఒక సిలిండర్‌కు గాలి కాస్త తక్కువ అందినా, గాలి లోపల సరిగ్గా సుడి తిరగకపోయినా ఆ సిలిండర్ తడబడుతుంది. వాల్వు వీపు మీద మందంగా కార్బన్ ఉంటే జరిగేది అదే, పైగా నాలుగు సిలిండర్లలో నాలుగు రకాలుగా పేరుకుంటుంది. వేడెక్కాక మంట నిలకడగా ఉంటుంది కాబట్టి అదే లోపం పైకి కనిపించదు.

కాబట్టి మీరు చెప్పిన లక్షణం కార్బన్‌కు సరిపోతుంది. కానీ బలహీనపడిన కాయిల్‌కు కూడా సరిపోతుంది, కొనల మధ్య ఖాళీ పెరిగిన ప్లగ్గుకూ సరిపోతుంది. రాత్రంతా చుక్క చుక్కగా కారే ఇంజెక్టర్‌కు సరిపోతుంది. హెడ్ గాస్కెట్ దగ్గర సిలిండర్‌లోకి ఊరే కూలెంటుకూ సరిపోతుంది. జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఒకే మాత్ర ఇవ్వలేం కదా.

ఒక బండి సంగతి చెబుతాను. ఇలాగే పొద్దున వణుకు. యజమాని అప్పటికే వేరేచోట మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) పూర్తిగా విప్పించి వాల్వులు శుభ్రం చేయించుకున్నారు. వణుకు అలాగే ఉంది. నా దగ్గరికి వచ్చాక ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి సిలిండర్ వారీగా మిస్‌ఫైర్ (మంట సరిగ్గా అంటుకోకపోవడం) లెక్క చూశాను. మూడో సిలిండర్‌లో వందల్లో ఉంది, మిగతా మూడింటిలో సున్నా. మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో పెట్టి, బండిని రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున స్టార్ట్ చేశాం. ఈసారి లెక్క ఒకటో సిలిండర్‌లో పెరిగింది. కాయిల్ మార్చాం, అంతే. శుభ్రం చేసినవారు అబద్ధం ఆడారని నేను అనను, వాల్వుల మీద కార్బన్ ఉండే ఉంటుంది. కానీ వణుకుకు కారణం అది కాదు.

అందుకే నేను పాటించే వరుస ఇది. మొదట స్కానర్. పి0301 నుంచి పి0304 వరకు వచ్చే కోడ్‌లలో చివరి అంకె సిలిండర్ సంఖ్య. పి0300 అంటే ఒక్క సిలిండర్‌కే పరిమితం కాని మిస్‌ఫైర్. ఒకే సిలిండర్ పదే పదే వస్తుంటే ముందు కాయిల్ అటూ ఇటూ మార్చి చూడండి, తర్వాత ప్లగ్గు. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా లెక్క నమోదై ఉండవచ్చు, కాబట్టి లైటు లేదు కదా అని స్కానర్ మానకండి. కూలెంటు మట్టం వారం పాటు గమనించండి. మిస్‌ఫైర్ అన్ని సిలిండర్లలో కొద్దికొద్దిగా, చల్లగా ఉన్నప్పుడే వస్తూ, కాయిళ్లు, ప్లగ్గులు బాగుంటే అప్పుడు బోర్‌స్కోప్. థ్రాటిల్ బాడీ గానీ, మానిఫోల్డ్ మీదున్న ఏదైనా సెన్సర్ గానీ తీస్తే ఆ రంధ్రంలోంచి చాలా ఇంజిన్లలో కనీసం ఒకటి రెండు వాల్వులు కనిపిస్తాయి. కొన్నింటిలో దారి మెలికలు తిరిగి కెమెరా చేరదు, అప్పుడు మానిఫోల్డ్ విప్పక తప్పదు.

చూసినప్పుడు ఏం కనిపించాలి? వాల్వు నల్లగా ఉండటం జబ్బు కాదు. ప్రతి డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వూ నల్లగానే ఉంటుంది. చూడాల్సింది ఆకారం. కాడ సన్నగా దిగి, గొడుగులా విచ్చుకునే వంపు స్పష్టంగా కనిపిస్తుంటే నలుపు ఎంత ఉన్నా పరవాలేదు. ఆ వంపు పూడిపోయి, కాడ చుట్టూ చెట్టు బెరడులా పగుళ్లు తేలిన గడ్డ కనిపిస్తే, కాడ అసలు లావుకు రెండింతలు అనిపిస్తే, అది శుభ్రం చేయాల్సిన వాల్వు. ఇంకొకటి గమనించండి: తడిగా, తారులా మెరుస్తోందా, పొడిగా బొగ్గులా ఉందా? తడి మెరుపు ఉందంటే నూనె ఇప్పుడు కూడా ధారాళంగా వస్తోందని అర్థం. ఒక్క సిలిండర్ వాల్వులే తడిగా ఉంటే స్టెమ్ సీలును అనుమానించాలి. అన్నీ తడిగా ఉంటే పీసీవీనో టర్బోనో.

ఇక శుభ్రం చేసే పద్ధతులు. మందంగా పేరుకున్నదానికి నా దృష్టిలో నమ్మదగినది వాల్‌నట్ బ్లాస్టింగే. అక్రోటు కాయల పెంకును సన్నటి రవ్వలా దంచి, కంప్రెసర్ గాలితో పోర్టులోకి కొడతారు, పక్కనే వ్యాక్యూమ్ గొట్టం ఆ రవ్వను, ఊడిన కార్బన్‌ను లాగేస్తుంటుంది. పెంకే ఎందుకంటే అది కార్బన్‌ను పగలగొట్టేంత గట్టిది, వాల్వు ఉక్కును గానీ పోర్టు అల్యూమినియాన్ని గానీ గీయలేనంత మెత్తది. పొరపాటున నాలుగు రేణువులు మిగిలినా కాలి బయటికి పోతాయి. ఇసుక, గాజుపూసలు వాడతామని ఎవరైనా అంటే బండి తాళాలు తీసుకుని వచ్చేయండి. వాటిలో ఒక్క గింజ మిగిలినా సిలిండర్ గోడను గీస్తుంది.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే సరిగ్గా చేస్తున్నారో లేదో మీరే గమనించగలరు. బ్యాటరీ తీగ తీసి, మానిఫోల్డ్ విప్పగానే మొదట చేయాల్సింది పోర్టులన్నిటినీ మూయడం. ఒక్క చిన్న బోల్టు లోపల పడితే హెడ్ విప్పాల్సి రావచ్చు. నేను గుడ్డ ముక్కలు పెట్టేముందు లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాను, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెడతాను. తర్వాత ఏ సిలిండర్ శుభ్రం చేయాలో దాని రెండు ఇన్‌టేక్ వాల్వులూ పూర్తిగా మూసుకునేలా క్రాంక్‌ను చేత్తో తిప్పాలి. మొత్తం పనిలో ప్రాణం ఇక్కడే ఉంది. వాల్వు వెంట్రుకవాసి తెరుచుకుని ఉన్నా రవ్వ అంతా సిలిండర్‌లోకి వెళుతుంది.

ఇది నేను ఎవరి నుంచో విన్నది కాదు. మొదట్లో ఒకసారి, వాల్వు ఎప్పుడు మూసుకుంటుందో చూపే క్రాంక్ మీది గుర్తు సరిగ్గానే ఉందన్న ధీమాతో రెండో సిలిండర్‌లో కొట్టడం మొదలుపెట్టాను. అర నిమిషం తర్వాత చూస్తే, గొట్టంలోకి రావాల్సినంత రవ్వ రావడం లేదు. ఆపి టార్చి వేశాను. ఒక వాల్వు అంచున సన్నటి సందు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి సన్నటి గొట్టంతో మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా రవ్వ లాగుతూ కూర్చున్నాను. బోర్‌స్కోప్‌లో పిస్టన్ తల మీద ఒక్క రేణువు కూడా కనిపించని దాకా స్టార్ట్ చేయలేదు. అప్పటి నుంచి గుర్తును నమ్మడం మానేశాను. పోర్టులో రెండు చెంచాల క్లీనర్ పోసి ఐదు నిమిషాలు చూస్తాను. మట్టం అలాగే ఉంటే వాల్వు మూసుకున్నట్టు. దిగిపోతే క్రాంక్ ఇంకాస్త తిప్పాలి. ఆ ద్రవాన్ని పీల్చేసి, పోర్టును గాలితో పూర్తిగా ఆరబెట్టాకే రవ్వ కొట్టాలి, తడి ఉంటే రవ్వ ముద్దకడుతుంది.

ఆరు బార్ల గాలితో ఒక్కో సిలిండర్‌కు పది నిమిషాలు పట్టవచ్చు, బాగా మొండిదైతే అరగంట. పని పూర్తయిన వాల్వు బూడిదరంగు లోహంలా తేలుతుంది, పక్క సిలిండర్‌లో శుభ్రం చేయని వాల్వుతో పోల్చి చూస్తే అది వేరే ఇంజిన్ అనిపిస్తుంది. ఆ రెండింటినీ పక్కపక్కన ఫొటో తీయమని అడగండి. బిగించేటప్పుడు మానిఫోల్డ్ గాస్కెట్ కొత్తది వేయాలి. పాతదే మళ్లీ వేస్తే గాలి లీకు మొదలై, పోగొట్టుకున్న వణుకు వేరే రూపంలో తిరిగొస్తుంది. హై ప్రెషర్ పెట్రోలు పైపు విప్పాల్సిన ఇంజిన్ అయితే ఒత్తిడి దించకుండా ముట్టుకోకూడదు, ఆ ఒత్తిడిలో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది. ఆ పైపును ఒకసారి విప్పితే కొత్తదే వేయమని చాలామంది తయారీదారులు చెబుతారు, అక్కడ పొదుపు చూడకండి.

బ్లాస్టింగ్ యంత్రం అందుబాటులో లేకపోతే చేత్తో కూడా చేయవచ్చు. వాల్వు మూసి ఉన్న పోర్టులో క్లీనర్ నింపి, గంటో రెండు గంటలో నానబెట్టి, నైలాన్ బ్రష్షుతోనూ చెక్క పుల్లతోనూ గీకి, మురికి పీల్చేసి, మళ్లీ నింపాలి. ఓపిక ఉన్నవారికి ఫలితం బాగానే ఉంటుంది. ఒక రోజు పని, నడుం పడిపోతుంది. వంటింటి ఓవెన్ క్లీనర్ మాత్రం వాడకండి. వాటిలో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. ఏ రసాయనం వాడినా కొంత కింద ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి పని అయ్యాక ఇంజిన్ ఆయిల్ మార్చేయాలి.

ఇంజిన్ నడుస్తుండగా ఇన్‌టేక్‌లోకి కొట్టే స్ప్రేల గురించి అడుగుతారని తెలుసు. ట్యాంకు సీసాలా ఇవి పూర్తిగా వ్యర్థం కాదు, ఇవి వాల్వు మీదుగానే వెళతాయి. పల్చగా, ఇంకా జిడ్డుగా ఉన్న పూతను కొంత తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి మాడి రాయైనదాన్ని ఏమీ చేయలేవు. స్ప్రే ముందు, తర్వాత నేను బోర్‌స్కోప్‌తో చూసిన మొండి వాల్వుల్లో పైపొర తడిసి మెత్తబడింది, గడ్డ అలాగే ఉంది. టర్బో బండిలో ఇంకో భయం ఉంది. గడ్డలో ముక్క ఒక్కసారిగా ఊడితే అది ఎగ్జాస్టు వాల్వు దాటి టర్బైన్ రెక్కల మీదికే వెళుతుంది. ఆ రెక్కలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంటాయి. ఒకేసారి ఎక్కువ ద్రవం కొడితే సిలిండర్‌లో నిండి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదమూ ఉంది. అందుకే కొత్త బండిలో మొదటి నుంచీ, ప్రతి రెండు మూడు ఆయిల్ మార్పులకు ఒకసారి, కొద్దికొద్దిగా కొట్టుకుంటానంటే కాదనను. ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు, టర్బోకు ముందు కాకుండా థ్రాటిల్ దగ్గర కొట్టాలి. మీలా 68,000 తిరిగి, వణుకు మొదలైన బండికి మాత్రం వద్దు.

హైడ్రోజన్ పంపి కార్బన్ తీసేస్తామనే యంత్రాల గురించి కూడా ఒక మాట. సిలిండర్ లోపల మంట తగిలేచోట ఏమైనా చేస్తుందేమో గానీ, మంట తగలని వాల్వు వీపు మీద అది ఎలా పనిచేస్తుందో నాకు ఇంతవరకు ఎవరూ వివరించలేదు. అలా చేయించుకుని వచ్చిన మూడు బండ్లను బోర్‌స్కోప్‌తో చూశాను, మూడింటిలోనూ బెరడు చెక్కుచెదరలేదు. హైవే మీద ఇంజిన్‌ను గట్టిగా తిప్పితే అంతా ఊడిపోతుందన్నదీ అలాంటి మాటే. గట్టిగా తిప్పడం వల్ల పిస్టన్ తల, ఇంజెక్టర్ ముక్కు శుభ్రపడటానికి కొంత మేలు, ఆయిల్‌లో చేరిన పెట్రోలు, తేమ ఆవిరైపోతాయి. వాల్వు వీపు మీద గట్టిపడిన గడ్డ కదలదు.

మరి ట్యాంకు సీసా దేనికీ పనికిరాదా? పనికొస్తుంది, వేరే జబ్బుకు. డైరెక్ట్ ఇంజెక్టర్ ముక్కు మంటలోనే ఉంటుంది కాబట్టి దాని సన్నటి రంధ్రాల చుట్టూ కూడా కార్బన్ కడుతుంది, తుంపర చెదిరిపోతుంది. పాలీఈథర్ అమైన్ అనే డిటర్జెంటు ఉన్న క్లీనర్ ఈ పని బాగా చేస్తుంది. మంచి డిటర్జెంటు ఉన్న పెట్రోలు రోజూ వాడితే అదీ అవసరం రాదు. ఆయిల్ మార్చడానికి ఒక ట్యాంకు ముందు పోయడం నా అలవాటు.

ఇప్పుడు నివారణ. అన్నిటికంటే ముందు పీసీవీ. చాలా కొత్త ఇంజిన్లలో ఇది వాల్వ్ కవర్‌లోనే కలిసిపోయి, లోపల ఒక పల్చటి రబ్బరు పొరతో పనిచేస్తుంది. ఆ పొర చిరిగితే ఇంజిన్ నూనె ఆవిరిని అడ్డూ అదుపూ లేకుండా పీల్చుకుంటుంది. నా దగ్గర ఒకే బండికి రెండుసార్లు బ్లాస్టింగ్ చేయాల్సి వచ్చింది, రెంటి మధ్య 25,000 కిలోమీటర్లే. మొదటిసారి వాల్వులు మెరిసేలా చేసి, ఫొటోలు ఇచ్చి, గర్వంగా పంపించాను. రెండోసారి మానిఫోల్డ్ విప్పితే అడుగున నూనె మడుగు. అప్పుడు వాల్వ్ కవర్ దగ్గర చెవి పెడితే సన్నటి ఈల వినిపించింది. పొర చిరిగి ఎన్నాళ్లయిందో. మొదటిసారే వినాల్సింది, నేను వినలేదు. రెండోసారి పనికి ఆయన దగ్గర ఏమీ తీసుకోలేదు.

మీరు ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత నెమ్మదిగా తెరవండి. కొద్దిపాటి పీల్పు ఉండటం మామూలే. మూత ఊడిరానంత గట్టిగా పీలుస్తుంటే పొర చిరిగి ఉండవచ్చు. పీల్పు బదులు లోపలి నుంచి గాలి బుసబుస తంతుంటే రింగుల వైపు చూడాలి.

తర్వాత ఆయిల్. వేడికి ఎంత తక్కువ ఆవిరయ్యే ఆయిల్ అయితే వాల్వుకు అంత మేలు. దీన్ని నోవాక్ పరీక్షతో కొలుస్తారు. ఆయిల్‌ను 250 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి ఎంత శాతం బరువు తగ్గిందో చూస్తారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఇచ్చే ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణం 15 శాతం వరకు ఒప్పుకుంటుంది. మంచి సింథటిక్ ఆయిళ్లు 10 లోపే ఉంటాయి. ఈ అంకె డబ్బా మీద ఉండదు, తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రంలో చాలాసార్లు దొరుకుతుంది. కానీ నోవాక్ తక్కువ ఉందని మీ ఇంజిన్ మాన్యువల్ చెప్పని గ్రేడు పోయకండి. మాన్యువల్ చెప్పిన గ్రేడు, ఆమోదం ఉన్నవాటిలోనే తక్కువ ఆవిరయ్యేది ఎంచుకోండి. ఏపీఐ ఎస్‌పీ ఉండాలనడానికి వేరే కారణమూ ఉంది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ వేగంలో, ఎక్కువ భారం మీద స్పార్క్‌కు ముందే మంట అంటుకుని పిస్టన్ పగిలే జబ్బు ఒకటుంది. దాన్ని తగ్గించేలా ఈ ఆయిళ్లలో డిటర్జెంటు మిశ్రమాన్ని మార్చారు. అదే కారణంగా పెద్ద గేరులో ఉండి నిమిషానికి 1,200 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి టర్బో యజమానికీ చెబుతుంటాను.

ఆయిల్ మార్పు విషయంలో తయారీదారు ఇచ్చిన గరిష్ఠ గడువును లక్ష్యంగా పెట్టుకోకండి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు గోడల మీద పడి ఆయిల్‌లో ఎక్కువ కలుస్తుంది, ముఖ్యంగా ఐదు పది నిమిషాల ప్రయాణాలే చేసే బండిలో. నేనైతే ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకు మారుస్తాను. ఆయిల్‌ను గరిష్ఠ గీత దాటించి పోయకండి, ఎక్కువ పోసినదంతా తుంపరై వాల్వుల మీదికే వస్తుంది. రోజూ చిన్న ప్రయాణాలే అయితే వారానికి ఒకసారైనా అరగంట, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా నడపండి.

పీసీవీ దారిలో నూనె ఆవిరిని పట్టుకోవడానికి పెట్టే డబ్బా, క్యాచ్ క్యాన్ గురించి జనం రెండు వర్గాలుగా చీలి కొట్టుకుంటారు. నా అభిప్రాయం మధ్యలో ఉంది. మంచి జల్లెడ ఉన్న డబ్బా కొంత నూనెను పట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. విప్పి చూస్తే పెట్రోలు వాసనతో పాలు కలిపినట్టున్న గోధుమరంగు ద్రవం ఉంటుంది, అదంతా వాల్వు మీదికి వెళ్లాల్సిందే కదా అనిపిస్తుంది. కానీ అందులో నీరు, పెట్రోలు కూడా చాలానే ఉంటాయి, వాటితో వాల్వుకు పెద్ద హాని లేదు. టర్బో ఇంజిన్లలో చాలావాటికి ఆవిరి దారులు రెండు: ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్‌కు, టర్బో ఒత్తిడి వచ్చినప్పుడు టర్బో ముందున్న గొట్టానికి. డబ్బాను ఒక దారికే పెడితే సగం పనే అవుతుంది. ఖాళీ చేయడం మరిచిపోతే నిండి, ఆ మురికి మొత్తం ఒకేసారి ఇంజిన్‌లోకి వెళుతుంది. గడ్డకట్టే చలిలో అందులోని నీరు గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకొస్తాయి. వారంటీలో ఉన్న బండికి నేను పెట్టను. వారంటీ దాటి, పీసీవీ బాగుండి కూడా త్వరగా పేరుకునే ఇంజిన్ అయితే, నెలనెలా డబ్బా ఖాళీ చేసే ఓపిక ఉన్నవారికి పెడతాను.

కొత్త బండి కొనే ఆలోచన ఉన్నవారు ఇంకొకటి చూడవచ్చు. కొన్ని ఇంజిన్లలో పోర్టులో ఒకటి, సిలిండర్‌లో ఒకటి, రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి. టయోటా 2005 నాటికే డి-4ఎస్ పేరుతో ఇది తెచ్చింది, తర్వాత ఇంకొందరూ అదే దారిలో వచ్చారు. వాల్వుకు మళ్లీ స్నానం దొరికింది కాబట్టి వీటిలో ఈ గొడవ చాలా తక్కువ. డీజిల్ బండ్ల వారు కూడా ఇది చదువుతుంటే, మీ ఇన్‌టేక్‌లో పేరుకునేది ఎక్కువగా ఈజీఆర్ మసి, ఆ కథ వేరు, పైన చెప్పిన బోర్‌స్కోప్ గుర్తులు దానికి సరిగ్గా వర్తించవు.

ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి శుభ్రం చేయించాలని అడిగితే నా దగ్గర అంకె లేదు. ప్లగ్గులు మార్చే ప్రతిసారీ ఒకసారి కెమెరా పెట్టి చూడమంటాను. వంపు కనిపిస్తున్నంతకాలం ముట్టుకోవద్దు. బాగున్న మానిఫోల్డ్‌ను ఊరికే విప్పితే, విరిగే ప్లాస్టిక్ క్లిప్పులతోనే కొత్త సమస్యలు మొదలవుతాయి. శుభ్రం చేయించాక కొత్త బండిలా ఎగురుతుందనీ అనుకోకండి. వణుకు పోతుంది, పై వేగాల్లో ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది, మైలేజీలో తేడా కనిపిస్తే సంతోషం, కనిపించకపోయినా ఆశ్చర్యం లేదు.

మీ విషయంలో తర్వాతి అడుగు: రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను స్కానర్ తగిలించి ఉండగానే స్టార్ట్ చేసి, మొదటి రెండు నిమిషాల్లో సిలిండర్ వారీ మిస్‌ఫైర్ లెక్క రాసుకోండి. చివరిసారి ప్లగ్గులు ఎప్పుడు మార్చారో, ఆయిల్ ఎంత తగ్గుతోందో కూడా రాయండి. బోర్‌స్కోప్ ఫొటోలు తీయిస్తే వాల్వు కాడ మొదలు స్పష్టంగా కనిపించేలా తీయమనండి. పోర్టు గోడ నలుపు చూపించే ఫొటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు.